వెదురు తుపాకులు: మా కొండల్లో నాయకుడూ భయమూ

మా కొండల చరిత్ర రాసినవాళ్లు నాయకుడి దగ్గరకు వచ్చేసరికి అందరూ ఒకే మాట రాస్తారు: ఆయనకు భయమంటే తెలీదు. మైకు ముందు నిలబడినవాళ్లు కూడా అదే చెబుతారు. మేము ఆ మాట ఒప్పుకోం. అడవిలో బతికేవాడెవడూ ఒప్పుకోడు. పోడు కాపలాకు మంచె మీద పడుకునేవాడికి ఎలుగుబంటి అంటే భయం ఉంటుంది, ఉండాలి కూడా. ఆ భయం లేనివాడు తెల్లారేసరికి ఇంటికి రాడు. అలాంటివాణ్ణి మా ఊళ్లలో పెద్దగా పెట్టుకోరు. వాడి వెనక నడిస్తే మేమూ పోతామని తెలుసు.

అందుకే మేము అడిగే ప్రశ్న వేరు. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ముందుకు వచ్చి నిలబడినవాళ్లు తమ భయాన్ని ఏం చేసుకున్నారు? తమ వెనకున్న జనం భయాన్ని ఏం చేశారు? ఈ కొండల్లో చాలా భాగం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. జిల్లా పేర్లు మారాయి గాని ప్రశ్న మారలేదు.

ముందు మా భయం గురించే ఒక మాట చెప్పాలి. సవరలు బెదురు మనుషులు, అనుమానం ఎక్కువ, మైదానానికి దిగరు అని దొరల కాలం కాగితాలు రాశాయి. ఇప్పటికీ కొందరు మాస్టర్లు పిల్లలకు అలాగే చెబుతున్నారు, అదేదో రక్తంలో ఉన్న గుణమన్నట్టు. కాని ఆ మాట ఏ సంవత్సరాల గురించి రాశారో ఎవరూ చూడరు. 1909లో థర్‌స్టన్ అచ్చువేయించిన కులాలు, తెగల సంపుటాల్లో సవరల గురించి చదివితే తెలుస్తుంది. 1864లో పర్లాకిమిడి మాలియాల్లో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పొట్టసింగి దగ్గర, ఒక గొమాంగోను పోలీసులు అన్యాయంగా పట్టుకుపోయారు. సవర ఊళ్లో గొమాంగో అంటే ఊరి పెద్ద, బుయ్య అంటే పూజారి. గొమాంగోను పట్టుకుపోతే ఊరి తల పట్టుకుపోయినట్టే. జనం వెళ్లి విడిపించుకున్నారు. ఆ గొడవలో ఒక ఇన్‌స్పెక్టరు, నలుగురు కానిస్టేబుళ్లు చనిపోయారు. స్టేషను తగలబడింది.

తర్వాత జరిగింది చూడండి. పర్లాకిమిడి రాజా సాయంతో 24 మందిని పట్టుకున్నారు. తొమ్మిది మందికి యావజ్జీవ ద్వీపాంతరం. ఐదుగురికి ఉరి. ఆ ఉరి ఏ జైలు గోడల లోపలో వేయలేదు. పొట్టసింగి ఘాటు దిగగానే ఉన్న జల్తేరులో వేశారు. రాజా చేసిన సాయానికి దొరతనం ఇచ్చిన బహుమతుల్లో ఒకటి తుపాకి. మరుసటి ఏడు కొండ మీద ఠాణా పెట్టడానికి వచ్చిన పోలీసుల్ని జనం వెనక్కి తరిమారు. దాంతో పెద్ద బలగం వచ్చింది. 1866 జనవరికి ఠాణా గట్టిగా కూర్చుంది. ఇంకో ముగ్గురు ద్వీపాంతరం వెళ్లారు. అప్పటినుంచి కొన్నేళ్లు సవరలు బెదురుగా ఉన్నారని రాశారు. 1874 నాటికి కూడా, సవరలు మళ్లీ మైదానం సంతలకు వస్తున్నారన్నది విశేషంగా రాసుకోవలసిన వార్త అయింది.

ఉప్పుకు, బట్టకు సంతకు దిగాలి. దిగితే మొదట కనబడేది మన మనుషుల్ని వేలాడదీసిన చోటు. పదేళ్లు దిగకపోయారంటే అది జాతి గుణం అవుతుందా? ఆ భయాన్ని ఎవరో తయారు చేశారు. చోటు చూసి, పదిమందికీ కనపడేటట్టు తయారు చేశారు. ఈ సంగతి ముందు పట్టుకోకపోతే తర్వాత వచ్చిన నాయకులు ఏం చేయబోయారో అర్థం కాదు.

ఇక కొర్ర మల్లయ్య దగ్గరకు వస్తాం. ఆయన గురించి మా పిల్లల పాఠాల్లో ఒక్క ముక్క లేదు. 1907లో ఫ్రాన్సిస్ అనే దొర కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఒక్క పేరా ఉంది. సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే కొండదారి పక్కన పాచిపెంట. ఆ తాలూకాలో కొర్రవానివలస. కొర్ర ఇంటిపేరువాళ్లు వలస వచ్చి కట్టుకున్న ఊరని పేరే చెబుతోంది. మల్లయ్య కొండదొర. 1900 సంవత్సరంలో ఆయనకు పూనకం వచ్చిందన్నారు. చుట్టుపక్కల కొండల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. నాలుగైదు వేలమంది అక్కడే మకాం పెట్టారు. ఒక పెద్ద సంతకు కూడా అంతమంది రారు.

తాను పంచపాండవుల్లో ఒకడినని, తన పసికొడుకు కృష్ణుడని మల్లయ్య చెప్పాడు. ఇంగ్లీషువాళ్లను తరిమేసి తానే రాజ్యం చేస్తానన్నాడు. దానికి ఆయుధాలేవి అంటే వెదుర్లు నరికించాడు. ఆ వెదుర్లను తుపాకుల ఆకారానికి చెక్కించాడు. సమయం వచ్చినప్పుడు ఇవి నిజం తుపాకులవుతాయి, సర్కారు తుపాకులు నీళ్లయిపోతాయి అన్నాడు. ఆ వెదురు తుపాకులు భుజాన పెట్టించి రోజూ డ్రిల్లు చేయించాడు.

గెజిటీరు చదివినవాళ్లు ఇక్కడ నవ్వుతారు. మేము నవ్వలేం. ఆ నాలుగైదు వేలమంది అంతకుముందు తుపాకిని ఎక్కడ చూశారు? ఎప్పుడూ ఎదురుగా, తమవైపు తిరిగి ఉన్నప్పుడే చూశారు. తుపాకి పట్టుకున్నవాడు నిలబడతాడు, దాని ముందున్నవాడు వంగుతాడు. మల్లయ్య వాళ్లచేత జీవితంలో మొదటిసారి తుపాకి వెనక నిలబడటం చేయించాడు. అది దేనితో చేసినది? వెదురుతో. మా బుట్ట, మా విల్లు, మా పిల్లనగ్రోవి, మా దడి, రోగిని మోసే డోలీ కర్ర, అన్నీ ఆ వెదురే. జనానికి దేన్ని చూస్తే వణుకు పుడుతుందో దాన్నే, జనం చేతికి అలవాటైన వస్తువుతో చేయించి, వాళ్ల భుజం మీద పెట్టాడు. పాండవుల మాట కూడా గాలిలోంచి తీసింది కాదు. కొండదొరలు తమది పాండవ కులమని అప్పటికే చెప్పుకునేవారు. అడవుల పాలై, రాజ్యం పోగొట్టుకుని, మళ్లీ గెలుచుకున్న అన్నదమ్ముల కథ అది. జనానికి తెలిసిన కథలోంచే ఆయన ధైర్యం తీశాడు.

మల్లయ్య ఎలా మాట్లాడాడో, ఎంత చదివాడో ఆ పేరా చెప్పదు. కాని ఏం చేశాడో చూస్తే, జనం గుండెలో భయం ఎక్కడ కూర్చుందో ఆయనకు బాగా తెలుసు. అటువంటి మనిషిని పిచ్చివాడు అనడం తేలిక.

తర్వాత పాచిపెంటను దోచుకుంటామని కబురు పంపారు. సంగతేమిటో చూద్దామని వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను జనం కొట్టి చంపేశారు. శవాలు తీసుకుపోవడానికి కూడా స్థానిక పోలీసులు దగ్గరకు రాలేకపోయారు. జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా వచ్చాడు. విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసుల్ని తెప్పించాడు. మే నెలలో ఒక తెల్లవారుజామున మకాం మీద పడ్డారు. జనం ఎదురు తిరిగారు. కాల్పులు జరిగాయి. సర్కారు తుపాకులు నీళ్లు కాలేదు. పదకొండు మంది అక్కడే చనిపోయారు. గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు పోగా మిగిలినవాళ్లు చెదిరిపోయారు. 60 మంది మీద అల్లరి కేసు, మల్లయ్యతో కలిపి ముగ్గురి మీద హత్య కేసు పెట్టారు. మల్లయ్య జైలులోనే చనిపోయాడు. మిగతా ఇద్దరినీ ఉరితీశారు. కృష్ణుడన్న ఆ పసివాడు కూడా చనిపోయాడు. దాంతో గొడవ అంతా ముగిసిందని గెజిటీరు పేరా ముగుస్తుంది.

మల్లయ్య తాను చెప్పింది తాను నమ్మాడా? నమ్మితే ఆయన దాటింది తన భయాన్ని కాదు, తుపాకి గురించిన తెలివిని. నమ్మకుండానే చెప్పాడంటే జనాన్ని మోసం చేశాడు. మాకు మూడో దారి కనబడుతుంది. నాలుగైదు వేలమంది పొద్దున్నే లేచి మీ ముఖంలోకి నమ్మకంగా చూస్తే, మీకున్న అనుమానం కూడా కరిగిపోతుంది. నాయకుడి ధైర్యం జనంలోకి వెళ్తుందని అంటారు. తిరుగుదారి కూడా ఉంది. జనం నమ్మకం నాయకుడిలోకి వెళ్లి, ఆయన అడగాల్సిన ప్రశ్నను ఆపేస్తుంది. మల్లయ్య ఎంత పెద్ద భయాన్ని కొద్ది రోజుల్లో దింపాడో తలుచుకుంటే మాకు గౌరవం కలుగుతుంది. ఆ ధైర్యాన్నంతా ఒకే ఒక్క మాటకు కట్టేశాడని తలుచుకుంటే బాధ కలుగుతుంది. మొదటి గుండు పేలగానే ఆ మాట తెగింది. దాని కింద పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

అది ఆ ఒక్క ఊరి అమాయకత్వం అనుకోకూడదు. అదే 1900 జనవరిలో ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా మనుషులు డోంబారి కొండ మీద కాల్పులకు ఎదురు నిలిచారు. సర్కారు ఆయుధాలు నీళ్లవుతాయన్న మాట అక్కడా ఉంది. బిర్సా ఆ జూన్ 9న రాంచీ జైలులో చనిపోయాడు. ఐదేళ్ల తర్వాత, సముద్రం అవతల ఆఫ్రికాలో, ఇప్పటి టాంజానియాలో, జర్మన్ దొరల మీద జనం లేచారు. కింజికిటిలే అనే ఆయన ఆముదమూ చిరుధాన్యమూ కలిపిన నీళ్లు ఇచ్చి, ఇది చల్లుకుంటే గుండ్లు నీళ్లవుతాయన్నాడు. వాళ్ల భాషలో నీళ్లను మాజీ అంటారు. ఆ తిరుగుబాటు పేరే మాజీ మాజీ అయింది. అక్కడ వేలాదిమంది తుపాకులకు చచ్చిపోయారు, తర్వాత వచ్చిన కరువుకు ఇంకా ఎక్కువమంది పోయారు. మల్లయ్య, బిర్సా, కింజికిటిలే ఒకరినొకరు ఎరుగరు. కాని ముగ్గురి ముందూ ఒకే తుపాకి ఉంది. దాని భయాన్ని దింపకుండా ఒక్క అడుగు వేయించలేమన్న సంగతి ముగ్గురికీ తెలుసు. తర్వాత 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు లేచినప్పుడు కూడా ఆయనకు గుండ్లు తగలవని జనం చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక స్త్రీని తలుచుకోకుండా ముందుకు పోలేం. ఆమె మా తెగ మనిషి కాదు, మందస జమీందారీలో రైతు ఇంటి బిడ్డ. కాని గొడవ మా గొడవే. అడవి నుంచి కర్ర తెచ్చుకునే హక్కు ఎవరిదన్నదే అక్కడా తగాదా. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో రైతుల్ని పట్టుకుపోతున్న పోలీసు బండికి సాసుమాన గున్నమ్మ అడ్డంగా నిలబడింది. అప్పుడామె గర్భిణి. కాల్పుల్లో ఆమె, ఇంకొందరు చనిపోయారు. ఆమెకు ఏ మంత్రమూ లేదు. నాయకురాలని ఎవరూ పేరు పెట్టలేదు. ఆ రోజు ముందుకు రావలసినవాళ్లు వచ్చేలోపల ఆమె వచ్చింది, అంతే. వీరగున్నమ్మ అని పేరు తర్వాత వచ్చింది.

తుపాకి భయం ఎప్పుడో ఒకసారి వచ్చేది. మా తాతల కాలంలో రోజూ ఉండే భయం వేరు, దానికి చప్పుడు లేదు. అది సావుకారి పుస్తకంలో ఉండేది. కందులు, చింతపండు, అడ్డాకులు మోసుకుని సంతకు దిగితే ధర వాడు చెప్పిందే, తూకం వాడు వేసిందే. తీసుకున్న గింజలకు వడ్డీ కూడా గింజల్లోనే, పంట నూర్చిన కళ్లంలోనే కొలుచుకుపోయేవాడు. కాగితం మీద వేలిముద్ర పడితే పొలం పోయిందో, కొడుకు కంబారిగా పోయాడో ఇంటికి వచ్చాక తెలిసేది. అడవి గార్డు వస్తే కోడి, మునసబు వస్తే వెట్టి. ముసలివాడైనా వాళ్ల ముందు మంచం మీద కూర్చోకూడదు. నిన్నగాక మొన్న పుట్టిన సావుకారి కొడుకు మా పెద్దల్ని ఒరే అని పిలిచేవాడు, పెద్దలు బాబూ అనేవారు. ఇన్ని చిన్న భయాలు పోగుపడితే మనిషి నడుం దానంతట అదే వంగుతుంది. దీనికి వెదురు తుపాకి పనికిరాదు.

దీన్ని ఎలా దింపాలో 1950లలో కొండలకు వచ్చిన బడిపంతుళ్లు పట్టుకున్నారు. మొండెంఖల్లు వైపు పల్లె రాములు, కొండబారిడి వైపు వెంపటాపు సత్యనారాయణ (జనం సత్యం మాస్టారు అన్నారు), తర్వాత ఆదిభట్ల కైలాసం. ముగ్గురూ ఉపాధ్యాయులే. బడిపంతులే ఎందుకంటే, సర్కారు మనుషుల్లో ఊళ్లో రాత్రి పడుకునేది ఆయన ఒక్కడే. మిగిలినవాళ్లు చీకటి పడకముందే కొండ దిగిపోతారు. ఊళ్లో ఉన్నవాడికి మా మాట వస్తుంది. భయం ఉన్నవాడు తన కష్టాన్ని పరాయి భాషలో చెప్పలేడు. అంతకు చాలా ముందు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. ఆయన పని వేరు, ఆయన దారి వేరు. అయినా మా మాటను చెవి ఒగ్గి విన్న పంతుళ్ల వరసలో ఆయన ముందున్నారని మేము అనుకుంటాం.

గిరిజన సంఘం అడిగినవి చూస్తే చాలా చిన్నవి. వెట్టి చెయ్యం. కంబారికి కూలి పెంచాలి. తాకట్టు పేరుతో లాక్కున్న భూమి తిరిగి ఇవ్వాలి. ఇల్లు కట్టుకునే కర్ర అడవి నుంచి తెచ్చుకుంటాం. పోడు కొట్టుకుంటే కేసులు పెట్టకూడదు. వీటిలో ఏదీ రాజ్యం కోరడం కాదు. కాని వెట్టికి రాను అని మొదటిసారి అనడానికి కావలసిన ధైర్యం ఎంతో అన్నవాడికే తెలుసు. ఆ మాట ఒక్కడు అంటే వాడి పని అయిపోతుంది. ఊరంతా ఒకే రోజున అంటే ఎవణ్ణి కొట్టాలో సావుకారికి తెలీదు. సంఘం చేసింది అదే. ఎవరి గుండెనూ గట్టి చెయ్యబోలేదు, ఎవరికీ రక్షరేకు కట్టలేదు. ఒక్కడి మీద ఉన్న బరువును నలభై మందికి పంచింది. పంచాక చూస్తే ఎవరి వాటా వాళ్లు మోయగలిగేంతే ఉంది. కూలి పెరిగింది, వెట్టి చాలా చోట్ల ఆగింది, కొంత భూమి తిరిగి వచ్చింది. మా పెద్దలు ఈ కాలం గురించి చెప్పేటప్పుడు భూమి సంగతి కంటే ముందు మంచం సంగతి చెబుతారు. సావుకారి ఎదురుగా మంచం మీద కూర్చున్నామని.

ఇందులో నాయకుడి భయం ఏమైంది? ఉద్యోగం పోతుంది, జైలు వస్తుంది, చంపేస్తారు. ఇవి ఆ మాస్టార్లకు తెలియనివి కావు. కాని మల్లయ్యకు లేని సౌకర్యం ఒకటి వాళ్లకుంది. తాము దేవుడి అవతారమని చెప్పుకోలేదు కాబట్టి, భయపడే హక్కు మిగిలింది. సంఘం మనిషి రేపు ఏమవుతుందో నాకూ తెలీదు, అయినా కలిసి వెళ్దాం అని చెప్పగలడు. అవతార పురుషుడు చెప్పలేడు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దారిలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు సభకు వెళ్తున్నవాళ్ల మీద కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. సభకు నడిచి వెళ్తున్న ఇద్దరు మనుషులు, అంతే. నలభై మందికి పంచుకున్న భయం మళ్లీ ఒక్కొక్కడి మీదకు వచ్చి కూర్చోవాలన్నదే ఆ కాల్పుల పని. జల్తేరు ఉరికొయ్య చేసిన పనే వంద సంవత్సరాల తర్వాత మళ్లీ. కేసు కోర్టుకు వెళ్లింది. 1968లో నిందితుల్ని వదిలేశారు. జనం తుపాకి కంటే ఆ తీర్పుకు ఎక్కువ బెదిరారని, ఎక్కువ మండిపడ్డారని కూడా మేము అనుకుంటాం. తుపాకి పట్టినవాడు శత్రువని తెలిసినదే. కోర్టు కూడా అటే ఉందంటే ఇంక వెళ్లడానికి చోటేది?

ఆ సంవత్సరం నవంబరు చివరలో సుమారు 250 మంది పెదగొట్టిలిలో ఒక వడ్డీ వ్యాపారి ఇంటి మీద పడి, ధాన్యం తీసుకుని, బాకీ కాగితాలు తగలబెట్టారు. ఆ కాగితాలు కాలడం చూసినవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో రాయడానికి మా దగ్గర మాటలు లేవు. తాతల వేలిముద్రలు అందులో ఉన్నాయి. ఉద్దానం వైపు బొడ్డపాడు గుడిలో అర్చకుడుగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి ఊరూరా చెప్పాడు. జముకు చప్పుడు వింటూ పెరిగినవాళ్లకు ఆ కథ ఎలా ఎక్కుతుందో చెప్పనక్కరలేదు. పగలు అనడానికి భయపడే మాటను రాత్రి పదిమంది వంతపాటగా అనిపించడం కూడా భయాన్ని పంచే పద్ధతే.

తర్వాత ఏం జరిగిందో చాలామంది రాశారు. 1969లో ఈ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమన్నారు. ఆ మే 27న పంచాది కృష్ణమూర్తి, డిసెంబరు 22న పాణిగ్రాహి, నిర్మల, 1970 జులై 10న బోరి కొండల్లో సత్యం, కైలాసం. పోలీసులు అన్నిటికీ ఎదురుకాల్పులనే రాసుకున్నారు. మేము ఆ మనుషుల్ని తక్కువ చేసి మాట్లాడం. మా కోసం ప్రాణం ఇచ్చినవాళ్లు. కాని మా వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ.

పెదగొట్టిలికి 250 మంది వెళ్లారు. ఆ తర్వాత ఏడాదిన్నర కాలంలో పని కొద్దిమంది దళాల చేతికి, రాత్రిపూట చంపడానికి మారింది. జనం చూసేవాళ్లయ్యారు. రేపు ఏం జరుగుతుందో ఊరికి ముందే తెలియడం ఆగిపోయింది. జరిగాక పోలీసులు వచ్చేది మాత్రం ఊరి మీదకే. నలభై మందికి పంచిన బరువు మళ్లీ ఒక్కొక్క గుడిసె మీద పడింది. ఇప్పుడే వద్దు, పంట కోసేవరకు ఆగుదాం, పిల్లల్ని ఎక్కడ దాచాలి అని అడిగినవాళ్లు ఉంటారు. ఏ ఊళ్లోనైనా ఉంటారు. అలా అడిగితే ఆ రోజుల్లో రాజకీయాల్లో ఒక పేరు సిద్ధంగా ఉండేది: రివిజనిస్టు. అంటే మా భాషలో పిరికివాడు. నాయకుడికి పోలీసు భయం కంటే ఈ పేరు భయం ఎక్కువైనప్పుడు, ఆయన జనం భయాన్ని వినడం మానేస్తాడు. మంచె మీద పడుకున్నవాడికి ఎలుగు అడుగుల చప్పుడు చెప్పేది ఆ భయమే కదా. దాన్ని విననివాడు ధైర్యవంతుడో కాదో గాని, ఊరిని కాపాడలేడు. మల్లయ్యకు జనం నమ్మకం అడ్డం వచ్చింది. వీళ్లకు తమ పట్టుదలే అడ్డం వచ్చింది. రెండు చోట్లా చివరికి ప్రశ్న అడిగేవాడు లేకపోయాడు.

అయితే భయం అంతా మా వైపే ఉందనుకోవడం కూడా తప్పు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1917లోనే చట్టం ఉంది. 1959లో ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. రెండూ కాగితం మీదే ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 3న 1/70 వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసింది వాడే అంది. అప్పటికి సత్యం, కైలాసం కొండల్లో బతికే ఉన్నారు. వాళ్లు చనిపోవడానికి ఇంకా ఐదు నెలలుంది. యాభై ఏళ్లుగా నిద్రపోయిన ప్రభుత్వానికి ఆ నెలల్లోనే ఎందుకు మెలకువ వచ్చిందో చెప్పడానికి పండితులు అక్కరలేదు. ప్రభుత్వానికీ భయం వేస్తుంది. అది వేసినప్పుడు దాని చేత ఏం రాయించుకోవాలో తెలిసి ఉండటం కూడా నాయకత్వమే. ఆ రాత మా ఊళ్లన్నిటికీ రాలేదు. షెడ్యూలు బయట మిగిలిపోయిన సవర, జాతాపు ఊళ్లు రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి, ఈనాటికీ అడుగుతూనే ఉన్నాయి.

1/70 కేసు వేస్తే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు వాయిదా పడుతుంది. రుజువు చేసుకోవలసింది అవతలివాడే అని చట్టం రాసినా, మా మనిషి కొండ దిగి, బస్సెక్కి, ఆ గదిలో నిలబడి, ఇది మా తాత పొలం అని వాడి ఎదుటే పైకి అనాలి. వాడు బయట వరండాలో నలుగురితో నిలబడి ఉంటాడు. ఈ రోజుకీ అప్పు వాడి దగ్గరే ఉంటుంది, విత్తనాలు వాడి దగ్గరే. ఒక్కడే వెళ్లినవాడు వరండా దాకా వెళ్లి తిరిగి వచ్చేసిన వాయిదాలున్నాయి. వాయిదా కాగితం ఎవరింటికి వచ్చినా ఆ రోజు పోడు పని ఆపి ఇంటికొకరు బయలుదేరే ఊళ్లు కూడా ఉన్నాయి. వెళ్లినవాళ్లలో చాలామంది లోపలికి వెళ్లరు, మాట్లాడరు. చోడి అంబలి సీసాలు పట్టుకుని అదే వరండాలో, వాడికి ఎదురుగా, గోడకు ఆనుకుని కూర్చుంటారు.